పేరు కొట్టించిన పీపా

బయటి గాలి నేరుగా పీల్చే రోజులు పోయి చాలా కాలమైంది. అనకాపల్లిలో ఇంటికో స్టీలు పీపా వచ్చింది. అందులో పగలూ రాత్రీ మరిగే కాస్టిక్ సోడాయే ఇంట్లోకి వచ్చే గాలిని కడిగేది. నెలకోసారి వీధిలోని పీపాలన్నీ కంపెనీ బండెక్కి వెళ్లి, కొత్త సోడా నింపుకుని వచ్చేవి. తమది తారుమారు కాకూడదని సన్యాసమ్మ, వంటింటి గిన్నెల మీద కొట్టించినట్టే, దాని మీద కూడా పోయిన మొగుడి పేరు కొట్టించింది.

మూడో నెలలో ఆ పేరు పొడుగునా పీపా పగిలింది. చిమ్మిన సోడాకి కోడలు గౌరి చేతులు రెండూ మోచేతుల దాకా ఉడికిపోయాయి.

పీపా మార్చడానికి వచ్చిన కంపెనీ మెకానిక్ పాతదాన్ని తిప్పి చూసి, తప్పంతా ఇంటివాళ్లదేనని కాగితం రాశాడు.

"ఇన్నేళ్లు సింతపండు పులుసు కాసినా సెక్కు సెదరని స్టీలు గదా బాబూ," అంది సన్యాసమ్మ.

"వంటింట్లో సరేనమ్మా. మరిగే సోడాలో మాత్రం దెబ్బ తగిలిన చోటే పగులుతుంది. ఉలి పెట్టకూడదని పుస్తకంలో రాసే ఉంది."

"ఆ ఇంగిలీసు పుస్తకం ఈ ఈదిలో ఎవుడు సదివేడు?"

అతను కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకుని, కొత్త పీపా దింపాడు. సన్యాసమ్మ దాన్ని తడిమి చూసింది. నడుం మీద కంపెనీ పేరు అచ్చు కొట్టి ఉంది. మొగుడి పేరు కన్నా లోతుగా దిగిన అక్షరాలు.

"మరి ఇది పగల్దేటి బాబూ?"

మెకానిక్ పీపా స్విచ్చి వేసి, సోడా మరగకముందే గుమ్మం దాటాడు.