మూడు గాజు పళ్ళేలు

“మళ్ళీ ఒకసారి చూడండి మేడమ్,” అన్నాడు టెక్నీషియన్.

“రెండుసార్లు చూశాను బాబాయ్. ఆ చుక్కలు నా మాటా వినవు, మీ మాటా వినవు.”

పరిశోధకురాలు సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు. బల్ల మీద మూడు గాజు పళ్ళేలున్నాయి. ఒకదానిలో జబ్బుపడిన అక్క చర్మకణాలు, ఒకదానిలో చెల్లెలివి, ఒకదానిలో పోలిక కోసం ఓ ఆరోగ్యవంతుడివి. మూతల మీద పేర్లు లేవు; ఒకటి, రెండు, మూడు అన్న అంకెలే ఉన్నాయి. ఏ అంకె ఎవరిదో తెలిసినవాడు టెక్నీషియన్ ఒక్కడే. ఆ వివరం రాసిన కవరు ఆయన జేబులో ఉంది. ఫలితం మీద సంతకం పడేదాకా కవరు తెరవకూడదు. తెలిసినవాడు నోరు మెదపకూడదు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆ నియమం ఒక్కసారీ తప్పలేదు.

గడియారం మూడుంబావు చూపిస్తోంది. నాలుగింటికి శస్త్రవైద్యుడు ఫోన్ చేస్తాడు. కాలేయం పాడైన అక్కకు చెల్లెలు తన కాలేయంలో ఒక ముక్క ఇవ్వాలి. చెల్లెలిలోనూ అదే జన్యులోపం ఉందని తేలితే శస్త్రచికిత్స ఉండదు. ఇవ్వగలవారు ఇంకెవరూ లేరు.

తలుపు దగ్గర చెల్లెలు తొంగిచూసింది. “అయిందా మేడమ్?”

“ఇంకా లేదమ్మా.”

“పోనీ ఏం చూస్తున్నారో అయినా చెప్పండి. బయట గోడకేసి చూసి చూసి పిచ్చెక్కేలా ఉంది.”

పరిశోధకురాలు కుర్చీ వెనక్కి జరిపింది. “ఇంట్లో ఉన్నట్టే కణంలో కూడా సామాను పాడవుతుంది. పాడైనదాన్ని సంచిలో కట్టి, అరగదీసి, ఆ ముడిసరుకుతో కణం కొత్తది చేసుకుంటుంది. మంచీ చెడూ కలిపి ఊడ్చేస్తే కొంప మునుగుతుంది కదా? అందుకే మధ్యలో ఒక ప్రొటీన్ ఉంటుంది. ఒక చేత్తో పాడైన ముక్కని పట్టుకుంటుంది, రెండో చేత్తో సంచి అంచుని పట్టుకుంటుంది. రెండింటినీ కలపడమే దాని పని.”

“సంబంధాలు కుదిర్చే పెద్దమనిషిలాగా.”

“అంతే.”

“మా అక్కలో ఆ పెద్దమనిషికి ఒక చెయ్యి లేదన్నమాట.”

“ఊఁ. అందుకే చెత్త పేరుకుపోయింది. ఈ కణాల్ని పొద్దుట్నుంచీ పస్తుంచాం. ఆకలేస్తే కణం ముందు ఇంట్లో పాతసామాను తింటుంది. పాడైన ముక్కలకి ఆకుపచ్చ రంగు పట్టించాం. చుక్కలు మాయమైతే మంచిది. మిగిలిపోతే చెయ్యి లేనట్టే.” ఆమె బల్ల చివరనున్న టిఫిన్ డబ్బా వైపు చూసింది. “కణాలతోపాటు మా బాబాయి కూడా పస్తే. డబ్బా మూత తియ్యనే లేదు.”

“సయించట్లేదు మేడమ్,” అన్నాడాయన మోచెయ్యి గోక్కుంటూ.

“ఆ గ్లవ్స్ పౌడరు మీకు పడటం లేదు. మార్చమన్నానుగా.”

“మార్చాను మేడమ్.”

“మా అక్కా మొదట్లో కంచం ముందు కూర్చుని లేచిపోయేది,” అంది చెల్లెలు. “అలక అనుకున్నాం.”

టెక్నీషియన్ డబ్బా తీసి బల్ల కింద పెట్టాడు.

“నాకూ ఉందేమో కదా అంకుల్?”

“కవరు తెరవకుండానే ఏడిస్తే ఎలాగమ్మా? వెళ్ళి కూర్చో.”

ఆమె వెళ్ళాక పరిశోధకురాలు గొంతు తగ్గించింది. “లక్షల్లో ఒకరికుండే లోపం. తోబుట్టువుకి మాత్రం సగానికి సగం అవకాశం. పాపం.”

“ఆ లక్షల్లో ఒకడు కూడా ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూనే ఉంటాడు కదా మేడమ్.”

“వేదాంతం తర్వాత. పళ్ళేలు వరసగా ఇవ్వండి, ఆఖరిసారి చూస్తాను.”

ఒకటో పళ్ళెం నిండా పచ్చని గుంపులు. రెండోదానిలో చీకటి, అక్కడక్కడ ఒక్కో చుక్క. మూడోదాని మూత రెండుసార్లు తుడిచి అందించాడాయన. అందులోనూ పచ్చదనమే.

“ఇంకేముంది బాబాయ్,” అని నిట్టూర్చిందామె. “శుభ్రంగా ఉన్నది ఆరోగ్యవంతుడిది. పేరుకున్న రెండూ అక్కాచెల్లెళ్ళవి.”

“మూడోది అంచు దగ్గర చూడండి.”

ఆమె చూసింది. “అంచుదాకా అంతే.”

“రంగు ఎక్కువ పడిందేమో?”

“రంగు వేసింది మీరే. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా ఎక్కువ పడిందా?”

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. “లేదు,” అన్నాడు.

“ఆ పిల్ల మీద మీకు జాలి. నాకూ ఉంది. కానీ మన నమ్మకాలతో పనిలేదు, కనిపించిందే రాయాలి. ఈ మాట నాకు నేర్పింది మీరే.”

ఆమె ఫలితం రాసి సంతకం పెట్టింది. ఫోన్ మోగింది. “ఒక్క నిమిషం డాక్టర్‌గారూ, కవరు తెరుస్తున్నాను,” అంటూ చెయ్యి చాపింది. టెక్నీషియన్ కవరు అందించి, పనివేళల్లో ఎన్నడూ కూర్చోనివాడు, ఎత్తుపీట మీద కూర్చున్నాడు.

కాగితం మీద మూడు వరుసలున్నాయి. ఒకటి, అక్క. రెండు, చెల్లెలు.

ఆమె రెండో వరుసను మళ్ళీ చదివింది. “డాక్టర్‌గారూ, చెల్లెలిది శుభ్రం. మీరు కానివ్వండి.” ఫోన్ పెట్టేసి తలుపు తీసింది. “నీకేం లేదమ్మా. అక్క దగ్గరికి వెళ్ళు.” వసారాలో ఏడుపు, దాని వెంటే పరుగెత్తే చెప్పుల చప్పుడు వినిపించాయి.

పరిశోధకురాలు నవ్వుతూ వెనక్కి తిరిగింది. “అన్నీ తెలిసి, ఆ పిల్ల కోసం నన్ను అన్నిసార్లు ఎందుకు చూడమన్నారు బాబాయ్?”

ఆయన మళ్ళీ మోచెయ్యి గోక్కున్నాడు. ఆమె కళ్ళు చేతిలోని కాగితం మీదికి జారాయి.

మూడో అంకె ఎదుట, ఆయన చేతిరాతలో, ‘నేను’ అని ఉంది.