అరికాలి మచ్చ

"పోయిన దసరాకే దీన్ని కోయించుకోమని చెప్పాను గదమ్మా! ఇన్నాళ్లూ ఏం చేశారు?" సారలమ్మ అరికాలి మీది నల్లమచ్చను చూసి తార్నాక డాక్టరు ఉమాపతి గారు కోప్పడ్డారు.

సారలమ్మ తెల్లబోయింది. "నాకెవరు చెప్పిన్రు సారూ? ఉత్త పుట్టుమచ్చే అన్నడు మా ఆయన."

"ముక్క తీసి పరీక్షకు పంపాం గదా, ఆ రిపోర్టు కోసం ఆయనే వచ్చాడు. చర్మానికి వచ్చే క్యాన్సర్ అని చెప్పాను. మీరు ఆపరేషన్‌కు ఒప్పుకోలేదన్నాడు."

సారలమ్మ తల తిప్పింది. యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరుగా చేసే ఆమె భర్త లక్ష్మీనర్సయ్య గోడకేసి చూస్తున్నాడు.

"కోత అంటే నువ్వు భయపడి ఆగమైతవని..." అని గొణిగాడు.

ఆమె క్యాంపస్ రోడ్లు ఊడ్చి ఇంటికి రాగానే, రోజూ ఆ కాలు ఒళ్లో పెట్టుకుని మలాము రాసేవాడు. ఇట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతడని తోటివాళ్లతో ఎంత గొప్పగా చెప్పుకుంది! అంతా తెలిసే రాశాడన్నమాట.

"అప్పుడైతే ఎంత కోసేటోళ్లు సారూ?"

"రేగుపండంత."

"ఇప్పుడు?"

డాక్టరు గారు ఆమె చీలమండ చుట్టూ వేలితో గీత గీశారు. "ఇక్కడిదాకా తీసేస్తే ప్రాణం దక్కొచ్చమ్మా. ఇంక ఆలస్యం చేయొద్దు."

సారలమ్మ వంగి, ఆ గీత వెంబడే తన వేలు తిప్పి చూసుకుంది.

డాక్టరు గారు పెద్దాసుపత్రికి రాసిన చీటీ కోసం లక్ష్మీనర్సయ్య అలవాటుగా చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని పక్కకు నెట్టింది.

"నీకు చదువొస్తదని అన్నీ నీ చేతికే ఇచ్చిన. భయపడ్డది నువ్వు. పేరు నాది పెట్టినవ్."

తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "ఆ చీటీల ఏం రాసిన్రో నాకు చదివి చెప్పున్రి సారూ."