పైన్ చెట్ల వెనక నది

ఇందుమూలంగా మిషిగన్ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, గోల్ఫ్ సంచి మోసేటప్పుడు నా బూట్లు కిర్రుమంటే ఎవరూ నవ్వరాదు.

నేను సంచి మోసేది టెగన్‌కి, ఆమె నవ్వలేదు. ఈ ఆఖరి బంతి గుంటలో పడితే ఆమెకు పెద్ద టూరు, అంటే పేరున్న పోటీల్లో చోటు. పడకపోతే ఈ చిన్న టూరులోనే ఇంకో ఏడాది, ఊరికో పరాయి ఇంట్లో పడుకోవడం. గుంట ఉన్నది ఎనిమిది అడుగుల దూరంలోనే. అయినా మూడుసార్లు గురిచూసి మూడుసార్లూ వెనక్కి తగ్గింది.

"ఎటు తిరుగుతుంది డ్వేన్?"

"ఎడమకే పిల్లా. ఆ పైన్ చెట్ల వెనక నది ఉంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, ఇక్కడ ప్రతి బంతీ నదివైపే పోతుంది."

"ఒట్టు?"

"మా అత్తగారి మీద ఒట్టు."

ఈసారి వెనక్కి తగ్గలేదు. కొట్టింది. బంతి కాస్త ఎడమకు ఒరిగి గుంటలో పడింది.

నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. "ఆ నదిని ఒకసారి చూపించు డ్వేన్" అంది.

చెట్ల వెనక ఉన్నది పాత టైర్ల కొట్టు. నదిని అప్పటికప్పుడు నేనే పుట్టించాను.