ఏప్రిల్ పిల్ల

“స్నేహ మొద్దు కాదండీ. చిన్నది. అంతే.”

అరుణజ్యోతి టీచరు పరీక్ష కాగితాన్ని శివప్రసాద్ ముందుకు జరిపింది. అందులో మూడు, ఏడు అంకెలు తిరగబడి ఉన్నాయి. సగం వరసలు గీత దాటి కిందికి జారిపోయాయి. ఒకచోట పెన్సిలు కాగితాన్నే చింపేసింది.

“మా బడిలో ఏప్రిల్ నెలాఖరుకి ఆరు నిండితే ఒకటో తరగతిలో చేర్చుకుంటాం. మీ పాపకి సరిగ్గా ఆ నెల్లోనే నిండాయి. పక్కన కూచునే పిల్ల అంతకు ముందు మే నెలది. ఇద్దరికీ ఇంచుమించు ఏడాది తేడా. ఈ వయసులో ఏడాదంటే మాటలా? ఎండాకాలం పిల్లల్తో ప్రతిసారీ ఇదే గొడవ.”

“ఏం చెయ్యమంటారు?”

“మళ్లీ ఒకటో తరగతే చదివించండి. ఈ ఏడు అందర్లోకీ చిన్నది. వచ్చే ఏడు అందర్లోకీ పెద్దదవుతుంది. అప్పుడు చూడండి.”

బయట వరండాలో ఇద్దరు పిల్లలు స్నేహ టిఫిను డబ్బాని ఒకళ్లకొకళ్లు విసురుకుంటున్నారు. “సానపిలా, సానపిలా” అని పాట. చంటిదని ఒడియాలో వెక్కిరింత. స్నేహ డబ్బా కోసం చెయ్యి చాపడం లేదు. ఏడవడం కూడా ఎప్పుడో మానేసినట్టుంది.

ఇంటికొచ్చేసరికి అప్పలనరసమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. కొడుకు చెప్పింది విని కత్తిపీట పక్కకి తోసింది.

“మళ్లీ ఒకటో తరగతా? పాసైతే నలుగురికీ సాక్లెట్లు పంచుతారు. మరి నువ్వేటి పంచుతావురా?”

“ఫెయిలవలేదమ్మా. వయసు చాల్లేదు.”

“ఎలా సాలుద్ది? అందుకే గదరా కొత్త పెళ్లికూతుర్ని ఆషాఢంలో పుట్టింటికి పంపీమన్నారు పెద్దోళ్లు! మండుటెండల్లో కాన్పులు రాకూడదనే గదా! ఒక్క నెల. ఒక్కటంటే ఒక్క నెల ఆగలేకపోనావు. నీ తొందరకి గుంట బలైపోనాది.”

శివప్రసాద్ బుర్ర గోక్కుంటూ వెర్రినవ్వు నవ్వాడు. ఈ కథ బరంపురంలో వాళ్ల చుట్టాలందరికీ కంఠతా వచ్చు. పెళ్లి జ్యేష్ఠం చివర్న అయింది. ఆషాఢం ముంచుకొచ్చిందని కార్యం శ్రావణానికి పెట్టి, పెళ్లికూతురు సాయిపద్మని ఛత్రపూర్‌లో కన్నవారింటికి పంపేశారు. శ్రావణం నించి లెక్కేస్తే కాన్పు వైశాఖంలో రావాలి. స్నేహ చైత్రంలోనే వచ్చేసింది, నిండు బరువుతో. ఆస్పత్రి వరండాలో అప్పలనరసమ్మ వేళ్లు మడిచి, మళ్లీ తెరిచి, మళ్లీ మడుస్తుంటే శివప్రసాద్ తలొంచుకుని ఒప్పేసుకున్నాడు. ఆషాఢంలో ఎవరికీ చెప్పకుండా ఛత్రపూర్ ఆఖరి బస్సెక్కానని.

ఆ రోజునించీ చుట్టాల్లో అతని పేరు ఆఖరిబస్సు. పేరంటానికొచ్చిన ముత్తయిదువులు కూడా “ఆఖరిబస్సు ఉన్నాడా ఇంట్లో?” అనే అడుగుతారు.

“అది సరే,” అంది అప్పలనరసమ్మ, గొంతు కాస్త తగ్గించి. “మనింట్లో అందరూ లెక్కల్లో దిట్టలు. దీనికి ఈ బుర్ర ఎవర్నించి వచ్చిందో!”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

“ఒక పని సేద్దుము. గుంటని ఛత్రపూర్లో దాని అమ్మమ్మ కాడ పడీండి. కోడలి అక్కమొగుడు సోమేశ్వరరావు మొదట్నించీ ఆ ఇంట్లోనే ఉంటన్నాడు గదా. పిల్లల్ని ముందు కూకోబెట్టుకుని ట్యూషన్లు సెప్తాడు. దేవుడంటోడు. ఏడాది ఆడి కాడుంటే సదువు అదే వస్తది.”

సాయిపద్మ గుమ్మంలోకొచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. పప్పు బొట్లుబొట్లుగా నేల మీద పడుతోంది.

“ఛత్రపూర్ వద్దత్తా.”

“ఏటి వద్దు? సూస్తన్నాను, పుట్టింటి పేరెత్తితే సాలు మొకం మాడ్సుకుంటావు. పురుటికీ ఎల్లలేదు. మీ అమ్మకి ఒంట్లో బాగోపోతే సూడ్డానికీ ఎల్లలేదు. కన్నోళ్లంటే అంత సులకనా? ఆదోరం నేనే తీసుకెళ్లి దింపొస్తాను. గుంట సదువు సూసి మొన్ననే ఆ బాబుకి ఫోన్ కూడా సేసీసినాను. తీసుకొచ్చీండి పిన్నీ అన్నాడు, పాపం.”

సాయిపద్మ స్నేహని రెక్క పట్టి వెనక్కి లాక్కుంది. పిల్ల “అమ్మా, నొప్పి” అంది. ఆమె వినిపించుకోలేదు. అత్తగారి కళ్లల్లోకి చూస్తూ నోరు తెరిచింది.

“అత్తా, ఆ ఇంట్లో...”

శివప్రసాద్ గబుక్కున ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడ్డాడు.

“తప్పు నాదమ్మా. నేనా నెల ఆగుంటే ఇది మేలో పుట్టేది. బడి గడువు దాటిపోయేది. వచ్చే ఏటి పిల్లల్లో అందరికంటే పెద్దదయ్యేది. నేను చేసిన పనికి పిల్లని ఊరు దాటించడమేటి? ఇక్కడే ఉంటాది. ఒకటో తరగతే మళ్లీ సదువుతాది.”

“నలుగురూ నవ్వుతారొరే!”

“నన్ను సూసే గదా? ఆరేళ్ల బట్టీ నవ్వుతున్నారు. ఇంకో ఏడాది నవ్వనీ.”

అప్పలనరసమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. కోపం నిలవలేదు. “సిగ్గుమాలినోడా!” అంటూ ముసిముసిగా నవ్వి కత్తిపీట దగ్గరికి లాక్కుంది. “అయితే ఆ బాబుకి రావట్లేదని ఫోన్ సేసి సెప్పు. ఎదురు సూస్తాడు.”

“అక్కర్లేదు,” అన్నాడు శివప్రసాద్.

సాయిపద్మ ఇంకా పిల్ల రెక్క వదల్లేదు. అతను ఒక్కొక్క వేలే విడదీసి, స్నేహని ఒళ్లో కూచోబెట్టుకుని, పెన్సిలు పట్టుకోవడం చూపించసాగాడు.

పెళ్లైన ఆ ఆషాఢంలో శివప్రసాద్ ఒక్క రాత్రి కూడా బరంపురం దాటలేదు.