చూడకుండా రాసిన రిపోర్టు

అప్పుడే తుడిచిన గచ్చు మీద బురద కాళ్లతో వచ్చి నిలబడ్డాడు ముసలాయన.

"ఏటి తాతా, కాళ్లు కడుక్కుని రాలేవా?" ఆఫీసు తుడిచే బుల్లి కసిరింది.

"గెడ్డలోంచి వస్తన్నానమ్మా. ఇంజినీరమ్మతో ఒక్క మాట సెప్పి ఎల్లిపోతాను."

గుణుపురం దగ్గర రైతుల సంఘానికి ఇంజినీరు కిరణ్మయి. అక్కడివాళ్లు గెడ్డ అని పిలిచే వాగు పక్కన సంఘం కట్టబోయే విత్తనాల గోదాముకి స్థలం పనికొస్తుందో లేదో తేల్చడం ఆమె పని.

చేరిన కొత్తలో టేపు పట్టుకుని గట్ల వెంట తిరిగేది. ఏఐ చేతికొచ్చాక కాళ్లకు పని తప్పింది. బుర్రకూ తప్పింది, ఆ సంగతి మాత్రం ఆమెకు తెలీదు.

"ఆ జాగాలోకి నీరొస్తాది అమ్మీ. గోదాం అక్కడొద్దు."

"రాదు తాతా. నలభై ఏళ్ల నీటిమట్టాలు చూశాం. ఒక్కసారీ గట్టు దాటలేదు."

"నలబయ్యేళ్లవీ ఉన్నాయా?"

"ఏడాదివారీగా ఉన్నాయి. చూడు." ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

ఆయన వంగి, వేలితో ఒక్కో వరసా దాటుకుంటూ కిందికి వచ్చాడు.

"ఈ కిందవి ఎవులు కొలిచేరు?"

అడగాల్సిన ప్రశ్నే. ఆ అంకెలిచ్చిన ఏఐని ఆమె అడగాల్సింది. అడగలేదు.

"అన్నీ అందులోనే ఉంటాయి తాతా."

"పోనీ, ఓపాలి గెడ్డకాడికి రా అమ్మీ. తుప్పల కొమ్మలకి ఎండుగడ్డి సిక్కుకోని ఉంది, నా రొమ్మెత్తున. నిరుడు నీరు అంతెత్తున వచ్చింది. గెడ్డ ఇటేపుకి తిరిగిపోనాది."

నడిస్తే పావుగంట దారి. బయట ఎండగా ఉంది. ఆమె కదల్లేదు.

ఆయన మాటలు ఏఐకి టైపు చేసి, మర్యాదగా జవాబు రాయమంది. నిమిషంలో వచ్చిన కాగితాన్ని ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ముసలాయన నిదానంగా చివరిదాకా చదివాడు.

"బాగా రాసేవమ్మీ. గెడ్డ సూసొచ్చినట్టే రాసేవు."

ఆ చురక ఆమెకు తగల్లేదు. ఆయన ఎవరో కూడా అడగలేదు.

"గంటలో తేల్చేసింది మా ఇంజినీరమ్మ!" అంటూ సంఘం కార్యదర్శి ఈశ్వరప్రసాద్ రిపోర్టు మీద సంతకం పెట్టేశాడు.

గోదాము లేచింది. మరుసటి జూన్‌లో, విత్తనాలు పంచడానికి రెండు రోజుల ముందు, పట్టపగలే గెడ్డ అందులోకి వచ్చింది.

మూడొందల కుటుంబాల విత్తనం బస్తాల్లోనే మొలకలెత్తి కుళ్లిపోయింది.

గౌరీశ్వరి అనే రైతు, గుప్పెడు మొలకల్ని తెచ్చి కిరణ్మయి బల్ల మీద పెట్టింది.

"మా అత్త సీకాకులం నుంచి కొంగున కట్టి తెచ్చిన ఇత్తనం అమ్మీ. ఇది మళ్లీ ఎక్కడ దొరుకుద్ది, సెప్పు?"

అది ఏఐని అడగడానికి కిరణ్మయికి చేతులు రాలేదు.

విచారణకు వచ్చిన పెద్ద ఇంజినీరు పాత రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు.

"మొదటి ఇరవై ఆరేళ్లవి సరిపోయాయి. కొలిచే సన్యాసయ్య రిటైరయ్యాక ఆ ఉద్యోగమే తీసేశారు. మరి తర్వాతి పద్నాలుగేళ్ల అంకెలు ఎక్కడివి?"

"ఏఐ ఇచ్చింది సార్."

"లేనివాటిని కల్పించి ఇచ్చింది. నువ్వు తీసుకున్నావు."

సిగ్గుతో చచ్చిపోయింది కిరణ్మయి. ఆ సన్యాసయ్యనైనా కలుద్దామని ఊరు కనుక్కుని వెళ్లింది.

గోడ మీద ఫోటో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తను కాగితమిచ్చి పంపేసిన ముసలాయన. ఫోటోకి దండ వేసి ఉంది.

"నాన్న మాఘమాసంలో పోనారు," అంది కూతురు పుష్ప. "మీరు నీటి లెక్కల కోసం వచ్చేరా?"

లోపలికెళ్లి పద్నాలుగు నోటుపుస్తకాలు తెచ్చి కిరణ్మయి చేతుల్లో పెట్టింది.

రిటైరైన మర్నాటి నుంచి పోయేదాకా, పైసా జీతం లేకుండా, రోజూ పొద్దున్నే గెడ్డలో దిగి నీరు కొలిచి రాసినవాడు ఆయనొక్కడే.