పాత పిచ్చర్ల వరస

అనామకమైన మా కాలేజీని బేస్‌బాల్ ఛాంపియన్‌ను చేసిన కోచ్ లిండ్‌గ్రెన్ పేరు ఇవాళ మైదానానికి పెడుతున్నారు. ఆ వెంటనే ఫైనల్.

"ఎమెట్, ఇవాళ కూడా బంతి నువ్వే విసరాలి," అన్నాడు నాతో.

"నిన్న ఆటంతా నేనే విసిరాను కోచ్. భుజం మండిపోతోంది."

"మండనీరా! మండకుండానే కప్పులొస్తాయా?" ఒకప్పుడు నాలాగే తన జట్టుకు బంతి విసిరి, ఇవాళ సన్మానానికి వచ్చిన పాత పిచ్చర్లను చూపించాడు. "వాళ్లనడుగు, ఒక్కడైనా కుదరదన్నాడేమో!"

"అడుగుతాను," అంటూ కోపంగా వెళ్లి వాళ్ల వరసలో నిలబడ్డాను.

జాతీయగీతం మొదలైంది. మైదానమంతా కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంది. ఆ వరసలోని వాళ్లు మాత్రం ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, పైకెత్తి, గుండెకు ఆనించుకున్నారు.

నేనూ చెయ్యెత్తాను. సగంలోనే ఆగిపోయింది.

పక్కనున్నాయన తన చేతిని వదిలేసి, నా మోచేతిని పైకెత్తాడు.