కారు కింద పేపరు

"ఈసారి ఒక్క చుక్క ఆయిలు కారినా నువ్వింక ఇంజన్ల జోలికి రాకు అన్నయ్యా. హాయిగా కౌంటర్లో కూర్చో."

పొద్దున తమ్ముడన్న ఆ మాట పెద్దమేస్త్రీ చెవిలో ఇంకా జోరీగలా తిరుగుతూనే ఉంది. షెడ్డు ఇద్దరిదీ. తమ్ముడికి స్పానరు పట్టుకోవడం నేర్పిందే తను. వాడే ఇవాళ తనకు పరీక్ష పెట్టాడు. అలాగని తప్పు పట్టడానికీ లేదు. ఈ రెండు నెలల్లో తను బిగించిన ఇంజన్లు రెండు కారాయి. రెండు బళ్ళూ వెళ్ళిన దారినే తిరిగొచ్చాయి.

ఇప్పుడు ఇంజను బయటికి తీసిన ఈ కారు డ్రైవింగ్ స్కూలావిడది. రేపు తొమ్మిదింటికల్లా కావాలంది.

ఇంజను బయట ఉండగానే ఆయిలు కారకుండా ఆపే గాస్కెట్లూ సీళ్ళూ అన్నీ మార్చెయ్యాలి, బాగున్నవైనా సరే. లోపలికి దించాక వాటిని అందుకోవడం బ్రహ్మతరం కాదు. పెద్దమేస్త్రీ అంటుకుపోయిన పాత గాస్కెట్లను బ్లేడుతో గీకాడు. కొత్తవి పరిచి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాడు. నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. మోకాళ్ళయితే పొద్దుట్నుంచే మొరాయిస్తున్నాయి.

చివరికి ఇంజను వెనక సీలు మిగిలింది. చూడ్డానికి చిన్న రబ్బరు చక్రం. దాని అంచుకు నూనె రాసి, చుట్టూ సమంగా తడుతూ కూర్చోబెట్టాలి. అంచు వెంట్రుకవాసి మడతపడినా అంతే సంగతులు. మళ్ళీ గేరుబాక్సు మొత్తం ఊడదియ్యాల్సిందే.

కళ్ళజోడు జేబులోనే ఉంది. డాక్టరు పెట్టుకోమన్నాడు. భార్య పోరుతూనే ఉంది. పని చేసేటప్పుడు మాత్రం పెట్టుకోడు. నలభై ఏళ్ళు వేళ్ళతో చూసినవాడికి కళ్ళజోడేమిటని మొండిపట్టు. సీలు అంచంతా వేలితో తడిమాడు. బాగానే కూర్చున్నట్టనిపించింది. అనిపించడమేమిటి, బాగానే కూర్చుందని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ గొలుసు కప్పీతో ఇంజను దించి, అన్నీ తగిలించేసరికి సాయంత్రమైంది. స్టార్టు చేసి కాసేపు నడిపారు. తర్వాత పెద్దమేస్త్రీ ఎప్పటి అలవాటు ప్రకారం, మధ్యాహ్నం తను చదివిన పేపరు తీసుకొచ్చి కారు కింద పరిచాడు. తెల్లారేసరికి పేపరు మీద మరక లేకపోతే పని నిలిచినట్టు. ఉంటే ఏమిటన్నది ఆలోచించే ఓపిక కూడా ఆయనకి లేదు.

"నువ్వెళ్ళి పడుకో. షట్టరు నేను దించుతాలే" అన్నాడు తమ్ముడు.

ఇంటికెళ్ళి ఏం తిన్నాడో కూడా తెలియలేదు. కళ్ళు మూస్తే కౌంటరూ, కుర్చీ, బిల్లు పుస్తకమూ. బతికుండగానే తన ఫోటో గోడకి తగిలించినట్టు అనిపించి భయమేసింది.

పొద్దున్నే వచ్చేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. తమ్ముడు కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, నిన్నటి చొక్కాతోనే. మరదలితో మళ్ళీ తగువు పెట్టుకుని ఇక్కడికి వచ్చి పడ్డాడు కాబోలనుకుని పెద్దమేస్త్రీ వాణ్ణి లేపలేదు. కారు పక్కన మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పేపరు బయటికి లాగాడు.

మరక లేదు. తిరగేసి చూసినా లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తమ్ముణ్ణి తట్టి లేపి పేపరు ముందు పెట్టాడు. "చూడరా. ఎక్కడైనా ఉందా చుక్క?"

తమ్ముడు ఎర్రబడ్డ కళ్ళని, ఆయిలు చేతులు తగలకుండా, ముంజేత్తో నులుముకున్నాడు. పేపరు వంక సరిగ్గా చూడను కూడా లేదు.

"లేదన్నయ్యా. నీ చేతికి తిరుగేముంది? కాకపోతే ఇకనుంచి కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి."

ఎన్నాళ్ళకో పెద్దమేస్త్రీకి ఒళ్ళు తేలికపడింది. ఇంత గెలిచాక తమ్ముడి మాట ఒక్కటి వింటే పోయేదేముంది? జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. సూదిమొనంత చుక్కయినా ఉందేమోనని పేపరంతా పైనుంచి మళ్ళీ చూడబోయాడు.

చుక్క లేదు గానీ, పైన తేదీ మాత్రం ఈ రోజుది.